కొట్టడం వచ్చింది... మరి వినడం?

మోర్స్ కీని టకటకా కొట్టడం కొద్ది వారాల్లో చేతికి అలవాటైపోతుంది. అవతలివాళ్లు కొట్టింది చెవికెక్కాలంటే మాత్రం నెలలు పడుతుంది. హామ్ రేడియో నేర్చుకునేవాళ్లని ఏడిపించేది ఈ తేడానే!

కారణం చిన్నదే. పంపేటప్పుడు తర్వాత ఏ అక్షరం రావాలో మనకు ముందే తెలుసు. తడబడితే ఆగొచ్చు. వినేటప్పుడు ఆ వీలుండదు. ఒక అక్షరం దగ్గర ఆలోచిస్తూ ఆగామా, తర్వాతి రెండూ జారిపోతాయి. దానికి తోడు షార్ట్‌వేవ్‌లో గరగరలు సరేసరి.

కొత్తగా లైసెన్సు వచ్చిన ఉత్సాహంలో కుర్రాడు నిమిషానికి 15 పదాల వేగంతో 'సీక్యూ' అని పిలుస్తాడు. ఎవరైనా ఉన్నారా అని దానర్థం. ఎక్కడో ఉన్న పెద్దాయన అదే వేగంతో బదులిస్తాడు. పిలిచినవాళ్ల వేగాన్ని బట్టి జవాబివ్వడం హామ్‌ల మర్యాద మరి! ఎనిమిది పదాలకు మించి వినలేని మనవాడికి ముచ్చెమటలు. అందుకే ఎంత వేగంతో వినగలమో అంతే వేగంతో పంపాలంటారు అనుభవజ్ఞులు. అప్పటికీ అందకపోతే 'క్యూఆర్‌ఎస్' అంటే చాలు, అవతలివాళ్లు నెమ్మదిస్తారు. అలా అడగడం నామోషీ ఏమీ కాదు.

ఈ వేగాన్ని కొలవడానికి 'పారిస్' అనే పదమే కొలమానం. చుక్క ఒక పాలు, గీత మూడు పాళ్లు. ఖాళీలతో కలిపి ఆ పదం సరిగ్గా 50 పాళ్లు. నిమిషానికి 8 పదాలంటే ఒక్కో చుక్కకు 0.15 సెకను! మన దేశంలో 2009 సవరణలతో వచ్చిన జనరల్ గ్రేడు పరీక్షకు పెట్టింది ఈ 8 పదాల వేగమే. పంపడానికీ, వినడానికీ ఒకటే లెక్క. మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధన 2003లోనే పోయింది. మన టెలిగ్రాం కూడా 2013లో సెలవు తీసుకుంది. అయినా హామ్‌లు మోర్స్‌ని వదల్లేదు. మాట చేరని బలహీన సిగ్నల్‌లోనూ అది వినపడుతుంది కాబట్టి.

చెవిని చేతితో సమానం చేసేదెలా? చుక్కలూ గీతలూ లెక్కపెట్టడం మానేయాలి. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో పంబ మోగుతుంటే దెబ్బలెన్నని ఎవరైనా లెక్కపెడతారా? దరువు మొత్తంగా వినిపిస్తుంది. అక్షరమూ అంతే. అందుకే అక్షరాన్ని వేగంగానే వినిపించి, అక్షరాల మధ్య ఖాళీని పెంచే పద్ధతి పుట్టింది. దాన్నే ఫార్న్స్‌వర్త్ పద్ధతి అంటారు. చెవి అలవాటుపడేకొద్దీ ఖాళీని తగ్గించుకుంటూ పోతారు.

సరిగ్గా వినడం ఎంత ముఖ్యమో కష్టకాలంలో తెలుస్తుంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. ప్రపంచంలోని హామ్‌లను పలకరించడానికి వెళ్లిన యాత్ర అది. 26న సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయిన చోట వాళ్ల రేడియో సెట్లే సమాచారాన్ని మోశాయి. అలాంటప్పుడు మాటలోనైనా మోర్స్‌లోనైనా పేరులో ఒక్క అక్షరం తప్పు విన్నా, ఓ కుటుంబానికి చేరాల్సిన కబురు ఇంకో ఇంటికి వెళ్తుంది.

రేడియోలో ప్రసారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. నరసరావుపేటలోనో మాచర్లలోనో ఇంట్లో చిన్న బజర్ పెట్టుకుని సాధన చేయడానికి అదేమీ అక్కర్లేదు. మీరు కొట్టింది రికార్డు చేసి, వారం తర్వాత కాగితం మీద రాసుకుంటూ వినండి. మీది మీకే అర్థం కాకపోతే కీ వేగం కాస్త తగ్గించండి!