న్యాయస్థానమున రసాయన సాక్ష్యము

కత్తితో గాని తుపాకితో గాని హత్య జరిగినచో శరీరముమీద గాయము కనబడును. విషప్రయోగమున అట్టి గుర్తు కనబడకపోవచ్చును. శంఖపాషాణము తెల్లని పొడి. ఆహారములో కలిపినచో రుచి తెలియదు. దానిని మ్రింగినవారికి కలుగు వాంతులు, విరేచనములు కలరా లక్షణములను పోలియుండును. అందుచే పూర్వము హంతకులు తప్పించుకొనుటకును, వట్టి అనుమానముమీద నిర్దోషులు దండింపబడుటకును అవకాశముండెను. ఈ చిక్కును విప్పుటకు రసాయన శాస్త్రము న్యాయస్థానములో అడుగుపెట్టెను.

1830 తరువాత కొలది సంవత్సరములలో ఇంగ్లండులో జాన్ బాడిల్ అను యువకుడు తన తాతకు కాఫీలో పాషాణము కలిపి చంపెనను నేరముపై విచారింపబడెను. ఊలిచ్ ఆయుధశాలలోని రసాయనజ్ఞుడు జేమ్స్ మార్ష్ పరీక్ష జరిపెను. పాషాణము గల ద్రవములోనికి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పంపగా పసుపుపచ్చని అవక్షేపమేర్పడెను. అది మనము హరిదళమని పిలుచు పదార్థమే. కాని జ్యూరీవారి యెదుటికి తెచ్చునప్పటికి అది చెడిపోయెను. ముద్దాయి విడుదల పొందెను. పిమ్మట తానే ఆ నేరము చేసితినని ఒప్పుకొనెను.

ఈ వైఫల్యము మార్ష్‌ను ఊరకుండనీయలేదు. 1836లో ఆయన క్రొత్త పరీక్షను ప్రకటించెను. జింకుపై సజల గంధకికామ్లము పోసినచో ఉదజని వెలువడును. అందులో అనుమానింపబడిన పదార్థమును చేర్చినచో, పాషాణమున్నయెడల అది ఉదజనితో కలిసి ఆర్సీన్ వాయువగును. ఈ వాయువును వేడిచేసిన గాజుగొట్టముగుండ పంపగా అది విడిపోయి, గొట్టపు గోడపై నల్లని మెరుగుగల పొర నిలుచును. అత్యల్ప పరిమాణములో నున్న పాషాణము కూడ దీనివలన బయటపడును. పొర చెదరక నిలుచును.

అయినను సూక్ష్మమైన పరీక్షకు సూక్ష్మమైన జాగ్రత్త కావలెను. జింకులోను, ఆమ్లములోను మలినముగా పాషాణముండవచ్చును. ఆంటిమొనీ కూడ అట్టి పొరనే ఇచ్చును. సోడియం హైపోక్లోరైట్ ద్రావణములో పాషాణపు పొర కరగును, ఆంటిమొనీ పొర కరగదు.

1840 జనవరిలో ఫ్రాన్సు దేశములో షార్ల్ లఫార్జ్ అను ఇనుప కర్మాగారపు యజమాని మరణించెను. భార్యయైన మరీ విషము పెట్టెనని బంధువులు ఆరోపించిరి. ఎలుకల కొరకని ఆమె పాషాణము కొనియుండెను. ఆ సెప్టెంబరులో ట్యూల్ పట్టణమున విచారణ జరిగెను. ఒక పరీక్షకుల బృందము శరీరభాగములలో విషమున్నదనెను; వేరొక బృందము లేదనెను. అప్పుడు పారిస్ నుండి వైద్యాచార్యుడు ఓర్ఫిలాను పిలిపించిరి. ఆయన మార్ష్ పద్ధతిని అనుసరించి దేహములో పాషాణమున్నదని చెప్పెను. అంతటితో ఆగక, అది తాను వాడిన రసాయనములనుండి గాని, శవపేటిక చుట్టునున్న మట్టినుండి గాని వచ్చినది కాదని కూడ వివరించెను. మరీకి యావజ్జీవ శిక్ష పడెను. ఆ తీర్పుపై వివాదము చాలకాలము సాగెను.

ఈ వివాదములో గ్రహింపదగిన సంగతి యొకటి కలదు. దేహములో పాషాణమున్నదో లేదో రసాయనజ్ఞుడు చెప్పగలడు. దానిని ఎవరు పెట్టిరో గాజుగొట్టము చెప్పజాలదు. మొదటిది శాస్త్రజ్ఞుని పని. రెండవది ఇతర సాక్ష్యములను కూడ తూచి న్యాయమూర్తి నిర్ణయింపవలసిన పని.

మన చట్టములోను ఈ భేదము పాటింపబడుచున్నది. సామాన్యసాక్షి తాను స్వయముగా కన్నది, విన్నది చెప్పవలెను. నిపుణుడు మాత్రము తన శాస్త్రమునకు సంబంధించిన అభిప్రాయమును చెప్పవచ్చును. 1872 నాటి సాక్ష్యచట్టములో ఈ విషయము 45వ సెక్షనులో నుండెను; 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో 39వ సెక్షనులో నున్నది. నిపుణుని అభిప్రాయమును న్యాయస్థానము కారణములతో సహా పరిశీలించును. ఎదుటిపక్షపు న్యాయవాది అతనిని ప్రశ్నించును. మద్రాసులో 1849లోనే రసాయన పరీక్షాశాల ఏర్పడినది. నేడు మార్ష్ పరీక్ష స్థానమున వర్ణపట పరికరములు వచ్చినవి.

పరికరములు మారినను ప్రశ్నలు మారలేదు. నమూనాకు వేసిన సీలు చెక్కుచెదరక యున్నదా? అనుమానిత పదార్థమును చేర్చక, రసాయనములను మాత్రమే తీసికొని శూన్యపరీక్ష జరిపిరా? పాఠశాల ప్రయోగశాలలో శూన్యపరీక్షను విడిచిన విద్యార్థికి మార్కులు తగ్గవచ్చును. న్యాయస్థానమునకు నివేదిక పంపు రసాయనజ్ఞుడు దానిని విడిచినచో ఒక మనిషి ప్రాణమే పోవచ్చును.