పెరటిలో నేల సంపెంగ

దండలకును, పూజకును, పెండ్లి పందిళ్ళకును మన గ్రామములలో విరివిగా వాడబడు పూలలో నేల సంపెంగ యొకటి. అంగడిలో దీనిని లిల్లీ యనియు, మరికొందరు రజనీగంధ యనియు పిలిచెదరు. దీని జన్మస్థానము మెక్సికో. ఇది గడ్డకట్టు చలికి తాళజాలని సుకుమారమైన దుంపజాతి మొక్క. శీతల దేశములలో చలికాలమునకు ముందే దుంపలను త్రవ్వి ఇంటిలో భద్రపరచెదరు. మన మైదానములలో అట్టి అవసరము లేదు. ఇచ్చట దీనిని చెరచునది నిలువ నీరు.

కుళాయిల యొద్ద వృథాయగు నీటిని పెరటి మొక్కలకు మళ్ళించుట మంచి పద్ధతియే. కాని ఆ నీరు మడుగు కట్టుచోట ఈ దుంపను నాటినచో కుళ్ళిపోవును. కావున జానెడు ఎత్తున మడి కట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి, నీరు ఇంకిపోవునట్లు చేయవలెను. రోజంతయు ఎండ తగులు తావు శ్రేష్ఠము.

మార్చి మొదలు జూలై వరకు దుంపలను నాటవచ్చును. అడ్డుకొలత 2 సెంటీమీటర్లకు తగ్గని గట్టి దుంపలనే ఎన్నుకొనవలెను. చిన్న పిలకదుంపలు తొలియేడు సాధారణముగా ఆకులు మాత్రమే వేయును. మొన పైకి ఉండునట్లు 5 సెంటీమీటర్ల లోతున, 20 నుండి 30 సెంటీమీటర్ల ఎడముతో నాటవలెను. నాటిన వెంటనే ఒక తడి ఇచ్చి, మొలక వచ్చువరకు మితముగా తడుపవలెను. సుమారు మూడు నెలలకు పూకాడలు వెలువడును.

ఒక దుంప ఒకేమారు పూచును. అటుపిమ్మట దాని ప్రక్కన పుట్టు పిలకలే పూయును. ఆ పిలకలకు ఆహారము సమకూర్చునవి ఆకులు. కావున పూత ముగిసిన పిదప కాడను మాత్రమే కోసి, పచ్చని ఆకులను ఉంచవలెను. రెండు మూడేండ్లకు దుంపలు క్రిక్కిరిసి పూత తగ్గును. అప్పుడు నీరు మాన్పి, ఆకులు పండిన తరువాత త్రవ్వి, నీడలో ఆరబెట్టి, గాలి తగులుచోట నిలువచేసి, వేరొక మడిలో నాటవలెను.

మొక్క మొదట తెల్లని బూజును, ఆవగింజలవంటి గుండ్లును కనబడినచో ఆ మొక్కను చుట్టునున్న మట్టితో సహా తీసివేయవలెను. అట్టి మడి నుండి దుంపలను ఎవరికిని ఈయరాదు.

దండలకు శృంగార్, ప్రజ్వల్ అను ఒంటిరేకు రకములును, కాడపూలకు సువాసిని యను ముద్ద రకమును అనువైనవి. ఇవి బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించినవి.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. నిప్పుజ్వాలలవంటి పూలు పూయు అడవినాభియు దుంపజాతిదే. దాని దుంపలోని కోల్చిసిన్ అను విషము ప్రాణాంతకము. చిలగడదుంపయని భ్రమించి తిని మరణించినవారు కలరు. కావున పాఠశాలల యొద్దను, అంగన్‌వాడీల యొద్దను దానిని నాటనీయరాదు.

పంచాయతీ సభ్యులు తొలుత ఒక మడికి సరిపడు మంచి దుంపలను మహిళా సంఘమునకు సమకూర్చి, త్రవ్వకమునాడు వచ్చిన పిలకలను ఇంటింటికి పంచు ఏర్పాటు చేయవచ్చును. మరల కొనవలసిన పని లేకయే గ్రామమునకు పూలును, గృహిణులకు కొంత రాబడియు సమకూరును.