పేషెంట్లు రాని డాక్టర్ కథ: 'గ్రామ్ చికిత్సాలయ్' మనకేం చెబుతోంది?

మైదుకూరు: పల్లెటూరి డాక్టర్ కథగా వచ్చిన హిందీ వెబ్ సిరీస్ 'గ్రామ్ చికిత్సాలయ్' చూసినవాళ్లది ఒకే మాట కాదు. 2025 మే 9న ప్రైమ్ వీడియోలో 5 ఎపిసోడ్లుగా వచ్చిన ఈ సిరీస్‌ను 'పంచాయత్' తీసిన టీవీఎఫ్ సంస్థే తీసింది. దాంతో చాలామంది ఆ నవ్వుల కోసమే చూశారు. కథ నిదానంగా నడిచిందని, డాక్టర్ కథలో వైద్యమే తక్కువని కొందరు పెదవి విరిచారు. పల్లె ఆసుపత్రిని ఉన్నదున్నట్టు చూపించారని కొందరు మెచ్చుకున్నారు.

కథ ఏంటంటే, ఢిల్లీలో పెరిగిన గోల్డ్ మెడలిస్ట్ డాక్టర్ ప్రభాత్ (అమోల్ పరాశర్) జార్ఖండ్‌లోని భట్‌కండి పీహెచ్‌సీకి వస్తాడు. ఆసుపత్రికి పోయే దారి పొలంలో కలిసిపోయి ఉంటుంది. దారి వచ్చినా పేషెంట్లు రారు. ఊరంతా డిగ్రీ లేని చేతక్ కుమార్ (వినయ్ పాఠక్) దగ్గరికే పోతుంది.

చేతక్ కుమార్ లాంటి మనిషి మనకు కొత్త కాదు. మనం 'ఆర్‌ఎంపీ డాక్టర్' అంటాం. నిజానికి ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే రిజిస్ట్రేషన్ ఉన్న అసలు డాక్టర్. మన పల్లెల్లో మాత్రం రిజిస్ట్రేషన్ లేనివాళ్లకే ఆ పేరు స్థిరపడింది.

మరి జనం ఆయన దగ్గరికే ఎందుకు పోతారు? రాత్రి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయనే. డబ్బులు పంట వచ్చాక ఇచ్చినా సరే అంటాడు. ముసలమ్మ తన బాధ ఉర్దూలో చెప్పుకున్నా విసుక్కోడు. పీహెచ్‌సీ లెక్క చూస్తే మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒకటి. డాక్టర్‌కు ట్రాన్స్‌ఫర్ వస్తుంది, ఆర్‌ఎంపీ ఊర్లోనే ఉంటాడు.

ఆ నమ్మకమే ప్రమాదం కూడా. ఒళ్లునొప్పులకు స్టెరాయిడ్ ఇస్తే వెంటనే హాయిగా ఉంటుంది. అదేపనిగా వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అవసరం లేని యాంటీబయాటిక్స్ వాడుతూ పోతే రేపు నిజంగా అవసరమైనప్పుడు పనిచేయవు. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అయితే చట్టం క్లినిక్‌ను మూయించగలదే గానీ, పేషెంట్‌కు పీహెచ్‌సీ మీద నమ్మకం తెప్పించలేదు.

నమ్మకం ఎలా వస్తుందో మన కడపలోనే చూడొచ్చు. విజయవాడ నుంచి వచ్చి కడప ఫాతిమా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ నూరీ పర్వీన్ ఇక్కడే 10 రూపాయల ఫీజుతో క్లినిక్ పెట్టారు. పేదవాళ్లు జంకకుండా లోపలికి రాగలిగారు.

సిరీస్‌లో వైద్యం తక్కువన్న విమర్శ నిజమే. కానీ పేషెంట్ లోపలికి అడుగుపెట్టేదాకా ఏ డాక్టరైనా చేయగలిగింది తక్కువే. చివర్లో నర్సు కొడుకు మానసిక జబ్బు గురించిన కథ మనసును పట్టేస్తుంది. మన ఇళ్లల్లోనూ ఇలాంటి జబ్బును దాచిపెడతారు, తావీజు కట్టించి ఊరుకుంటారు. దువా చేయండి, దవా కూడా ఇప్పించండి. మందుల చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి.