కార్తీక స్నానానికి బందరు వెళుతున్నారా?

కార్తీక పౌర్ణమి శని, ఆదివారాల పక్కన పడిందంటే ఉంగుటూరు, గన్నవరం, నూజివీడు ప్రాంతాల వాళ్లకు పండుగే. తెల్లవారుజామునే కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు కట్టుకుని గుడివాడ మీదుగా మంగినపూడికి సముద్ర స్నానానికి బయలుదేరుతారు. వేసవిలో చిన్న మబ్బు పట్టినా, ఈదురుగాలికి కాయ రాలుతుందేమోనని మామిడి రైతు పదిసార్లు ఆకాశం వంక చూస్తాడు. అదే రైతు పిల్లల్ని తీసుకుని సముద్రానికి వెళ్లేటప్పుడు మాత్రం, ఆ రోజు గాలీ వానా ఎలా ఉందని ఒక్కమాట అడగడు. అందుకే ఈ వారం జ్వరాలు, దగ్గుల సంగతి పక్కనపెట్టి కెరటాల గురించి రాస్తున్నాను.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. దివిసీమను ముంచిన ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. దానికి తోడు పౌర్ణమినాడు సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేస్తుంది గనుక పోటు మామూలు రోజులకంటె ఎత్తుగా వస్తుంది, పాటు అంత బలంగానూ తీస్తుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. కాబట్టి నిన్న ఆరు గంటలకు మోకాలి లోతున్న చోట ఇవాళ ఆరు గంటలకు కూడా అంతే ఉంటుందనుకోకండి.

“ఎండ కాస్తోంది, గాలి లేదు, భయమేమిటి?” అంటారు కొందరు. ఎక్కడో వందల మైళ్ల దూరాన ఉన్న వాయుగుండం లేపిన కెరటాలు, దాని గాలికంటె ముందే మన ఒడ్డుకు చేరగలవు. ఓడరేవులో 1వ నంబరు సూచిక ఎగరవేశారంటే దూరాన సముద్రం బాగాలేదని, 3వ నంబరంటే రేవుకే ఈదురుగాలుల బెడద ఉందని అర్థం. ఇవి ఓడలకోసం పెట్టినవే అయినా, నా మటుకు నేను ఏ నంబరు ఉన్నా చెంబుతో నాలుగు నీళ్లు నెత్తిన పోసుకుంటే పుణ్యం వస్తుందనే అంటాను. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తును ముందుగానే ప్రకటిస్తుంది. బయలుదేరే ముందురోజు అదీ, వాతావరణ శాఖ హెచ్చరికలూ చూసుకోండి.

ఇక అసలు ప్రమాదం. కెరటాలతో ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి పోవాలి గదా! అది ఒకచోట సన్నని పాయలా కూడి వేగంగా లోపలికి పోతుంది. విచిత్రమేమంటే, ఆ పాయ ఉన్నచోట కెరటాలు విరగవు, నీరు నెమ్మదిగా కనిపిస్తుంది. పక్కన నురగలు కక్కే కెరటాలను చూసి భయపడ్డ వాళ్లు, ఇక్కడ బాగుందని సరిగ్గా అక్కడే దిగుతారు. కాలువలోనో బావిలోనో ఈత నేర్చిన కుర్రవాడైతే మరీ ధీమాగా దిగుతాడు. ఒక్కోసారి ఆ పాయకు ఎదురీదడం ఎంతటి ఈతగాడికీ సాధ్యం కాదు. ఎదురీదినవాడు అలసిపోయి మునుగుతాడు. ఆ పాయ మనిషిని లోపలికి లాగుతుందేగాని అడుక్కి లాగదు. కనుక చిక్కుకుంటే కంగారుపడక తేలండి, చెయ్యెత్తి కేకవెయ్యండి. ఈత వస్తే ఒడ్డు వెంబడి పక్కకు ఈది, కెరటాలు విరిగే చోటికి చేరాక వాటితోపాటు ఒడ్డుకు రండి.

ఆడవాళ్లకు మరో చిక్కుంది. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే నడుము లోతులో కూడా లేవడం కష్టం. మోకాళ్లు దాటకండి. పిల్లల చెయ్యి వదలకండి.

ఉపవాసం ఉండి స్నానం చేసే చక్కెర వ్యాధిగ్రస్తులు తమ మాత్రలు, ఇన్సులిన్ గురించి ముందుగానే వైద్యుణ్ణి అడగాలి. మందు వేసుకుని తిండి మానేస్తే నీళ్లలోనే కళ్లు తిరుగుతాయి. మూర్ఛ వ్యాధి ఉన్నవారు అసలు దిగవద్దు. వనభోజనాల పేరిట మద్యం సేవించిన వారి సంగతి వేరే చెప్పాలా?

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి, అలా దూకి ఇద్దరూ పోయిన సందర్భాలున్నాయి. తాడో, చీరో, మూతబిగించిన ఖాళీ డబ్బానో విసరండి. గజ ఈతగాళ్లను, పోలీసులను పిలవండి.

ఒడ్డుకు తెచ్చాక మనవాళ్లు చేసే మొదటి పని పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం. రెండూ తప్పే. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు పొట్ట నొక్కితే రాదు సరికదా, పొట్టలో ఉన్నది పైకి తన్ని శ్వాసనాళంలోకి పోతుంది. నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతింటుంది. ఒకరు 108కి ఫోను చేస్తుండగా మరొకరు రోగిని గట్టినేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఊపిరి ఆడకపోతే తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరుపెట్టి రెండుసార్లు ఊదాలి. ఛాతీ లేవడం కనిపించాలి. తరువాత రొమ్ము ఎముక మధ్యన రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి ఉంచి, రెండంగుళాలు దిగేలా 30 సార్లు నొక్కాలి. వేగం నిమిషానికి 100కు తగ్గకూడదు, 120కి మించకూడదు. మళ్లీ రెండుసార్లు ఊదాలి. ఊపిరి వచ్చేదాకా, లేదా అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

తెలివి వచ్చి లేచి కూర్చున్నాడు గదా అని నేరుగా ఇంటికి తీసుకుపోకండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఉప్పునీటి ప్రభావం కొన్ని గంటల తరువాత ఆయాసంగా బయటపడవచ్చు. ఆ రోజు ఆసుపత్రిలోనే ఉంచాలి.