కడోదరా షెడ్డులో జీపు, ఢిల్లీలో నిర్వచనం

రాజధానిలోని మంత్రిత్వశాఖల్లో రూపొందే నిర్వచనాలకు ఒక లక్షణం ఉన్నది. రాసినవారికి వాటిలో సందేహించవలసినది ఏదీ కనిపించదు. అవి అమలు కావలసిన చోటికి, నూనె మరకల షెడ్డులోకి చేరేసరికి మాత్రం ఒక్కొక్క మాటకు రెండేసి అర్థాలు పుట్టుకొస్తాయి.

2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ పాతకాలపు వాహనాల రిజిస్ట్రేషనుకై ప్రత్యేక నియమాలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభయ్యేళ్ళు దాటి, మూలరూపంలోనే ఉండి, ఛాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజన్‌లోగాని మార్పు చేసే 'గణనీయమైన ఓవర్‌హాలు' జరగని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకే ఈ 'వింటేజ్‌' హోదా లభిస్తుంది. రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, నంబరులో 'వి.ఎ.' అక్షరాలు. అయితే ఆ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కించరాదు. ఉత్తర్వు చదవగానే నాకొక ప్రశ్న ఉదయించింది. యాభయ్యేళ్ళు పనిచేసిన ఇంజన్‌ను ఒక్కసారైనా విప్పకుండా నడిపినవాడు ఈ దేశంలో ఎవడున్నాడు?

ఇటీవల గుజరాత్‌ ప్రయాణంలో ఆ ప్రశ్న కడోదరాలో నాకు ఎదురుగా నిలిచింది. ఢిల్లీ నుంచి ముంబయి మీదుగా చెన్నై దాకా సాగే 48వ నంబరు జాతీయ రహదారిని, సూరత్‌ నుంచి బార్డోలీ పోయే దారి అడ్డంగా దాటే చౌరస్తా అది. పాత డ్రైవర్లకు నేటికీ అది ఎనిమిదో నంబరు రోడ్డే. చుట్టూ బట్టలకు రంగులద్దే మిల్లులు, లారీల బారులు, వాటిని నమ్ముకొని బతికే గ్యారేజీలు. తూర్పున కొద్ది దూరంలోనే, 1928లో వల్లభభాయ్‌ పటేల్‌ శిస్తు సత్యాగ్రహం నడిపిన బార్డోలీ. సూరత్‌ మరమగ్గాల మీద తెలంగాణ పద్మశాలి కుటుంబాలు ఎన్నో బతుకుతున్న సంగతి పాఠకులు ఎరిగినదే. నేను ఆగిన షెడ్డులో పానాలు అందిస్తున్న కుర్రవాడు కరీంనగర్‌ వైపు నుంచి వచ్చిన మగ్గం కార్మికుడి మనుమడు. మేస్త్రీ గుజరాతీలో చెప్పినదంతా అతడే నాకు తెలుగు చేశాడు. “ప్రెషర్‌ లేదు సార్‌, నూనె మస్తు తాగుతంది” అన్న ఒక్క మాటతో అతడు రోగ నిర్ణయం ముగించాడు.

రోగి ఒక జీపు. బార్డోలీ వైపు చెరకు రైతు ఒకరి తండ్రి 1968లో కొన్న మహీంద్రా సి.జె.-3బి. అమెరికా విల్లీస్‌ కంపెనీ జీపులను 1947లో బొంబాయిలో బిగించడంతో మహీంద్రావారి మోటారు వ్యాపారం మొదలైంది. అమెరికాలో ఈ నమూనా తయారీ 1968లో ఆగిపోయినా, మన దేశంలో దాని సంతతి దశాబ్దాలపాటు కొనసాగింది. తహసీల్దారుకూ అదే, పోలీసుకూ అదే, ఓట్లడిగేవారికీ అదే. 1982లో ఎన్‌.టి. రామారావు చైతన్యరథం పాత షెవర్లే వ్యాను కావచ్చుగాని, తక్కిన నాయకులకు జీపే రథం.

ఇంజన్‌ అరుగుదల అంటే ఏమిటో ఆ షెడ్డులో గోటితో తాకి తెలుసుకున్నాను. హెడ్డు విప్పిన సిలిండరు పైఅంచు నుంచి గోరు కిందికి జార్చితే ఒకచోట మెట్టులా తగులుతుంది. పిస్టన్‌ రింగులు ఆ మెట్టు దాటి పైకి రావు. దాని పైన లోహం కొత్తగానే ఉంటుంది, కింద అరిగిపోతుంది. ఆ అరుగుదలైనా అంతటా సమానం కాదు. వేడి, ఒత్తిడి హెచ్చుగా ఉండి నూనె తక్కువగా అందే పైభాగంలోనే ఎక్కువ. తిన్నని గొట్టం క్రమంగా గరాటు వాటం పడుతుంది. అప్పుడు మండిన వాయువు రింగుల సందుల్లోంచి కిందికి జారుతుంది, కింది నూనె పైకెక్కి కాలుతుంది. సైలెన్సరు వదిలే నీలిపొగ అదే. విప్పకముందే మేస్త్రీ దీనిని పసిగట్టాడు. ప్లగ్గు తీసి ప్రెషర్‌ చూశాడు. చెంచాడు నూనె పోసి మళ్ళీ చూశాడు, పెరిగింది. పెరగకుంటే వాల్వులను అనుమానించవలసి ఉండేది. పెరిగింది కనుక దోషం రింగులది, బోరుది.

ఈ 'హరికేన్‌' ఇంజన్‌ నిర్మాణం విచిత్రమైనది. గాలి పీల్చే వాల్వులు హెడ్డులో, పొగ వదిలే వాల్వులు బ్లాకులో ఉంటాయి. ఎత్తు పెరిగిన ఆ ఇంజన్‌ను ఇముడ్చుకోవడానికే సి.జె.-3బి బానెట్‌ అంత పైకి లేచింది. నాలుగు సిలిండర్లు కలిపి 2,199 ఘనపు సెంటీమీటర్లు. ఫ్యాక్టరీ ఇచ్చిన బోరు వ్యాసం 3.125 అంగుళాలు. అంగుళంలో వెయ్యో వంతును షెడ్డు భాషలో 'థౌ' అంటారు. అరిగిన బోరును గుండ్రంగా కోసి, ఆమేరకు లావైన పిస్టన్లు వేయడం బోరు పని. పిస్టన్లు ముందు తెప్పించి వాటి కొలతకే కోయించాలి. కోయించిన తరవాత పిస్టన్ల కోసం బజారు తిరిగేవాడు మూర్ఖుడని మేస్త్రీ అభిప్రాయం. పిస్టన్‌కూ గోడకూ మధ్య మిగలవలసిన సందు మూడు థౌలు. ఇలా నలభై థౌల వరకు పోవచ్చు. ఈ బ్లాకు రైతు తండ్రి హయాంలోనే రెండుసార్లు కోతకు గురై ఆ హద్దు చేరింది. ఇక మిగిలినది స్లీవులు వేయించడం. అంటే బోరును ఇంకా కోసి, లోపల కొత్త గొట్టం దిగగొట్టి, దానిని మళ్ళీ 3.125 అంగుళాలకు తెప్పించడం.

మరొక మార్గమూ ఉన్నది. రైతు కుమారుడు దానినే కోరుతున్నాడు. హరికేన్‌ను తీసి అవతల పారేసి డీజిల్‌ ఇంజన్‌ ఎక్కించడం. 1973 చమురు సంక్షోభం తరవాత పెట్రోలు ధరకు తాళలేక జీపు యజమానులు ఎందరో పట్టిన దారి ఇదే. ట్రాక్టరు ఇంజన్‌ వేసినవారున్నారు, మటడోర్‌ వ్యాను ఇంజన్‌ వేసినవారున్నారు. ఖర్చు కలిసివస్తుంది, నిజమే. కాని బ్లాకుతోపాటు దానిమీద చెక్కిన ఇంజన్‌ నంబరు పోతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అటువంటి మార్పుకు రిజిస్ట్రేషను అధికారి అనుమతి కావాలి, ఆర్‌.సి. పుస్తకంలో నమోదు కావాలి. వింటేజ్‌ హోదాపై ఆశ అంతటితో సరి.

స్లీవులు వేయిస్తే ఆశ ఉంటుందా? ఇక్కడే ఢిల్లీ నిర్వచనం తడబడుతున్నది. పని ముగిసేనాటికి ఆ బోరు 1968లో ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి కొలతలోనే ఉంటుంది. బ్లాకు అదే, నంబరు అదే. దీనిని మార్పు అనాలా, మూలరూపానికి మళ్ళించడం అనాలా? నియమంలోని 'మార్పు' అన్న మాటను న్యాయంగా చదివితే ఇది మార్పు కాదని నా అభిప్రాయం. కాని తీర్పు చెప్పేది నేను కాను. తనిఖీ చేసే రాష్ట్ర కమిటీకి 'గణనీయమైన ఓవర్‌హాలు' అన్న మాటే ముందు కంటబడవచ్చు. బోరు పని ఓవర్‌హాలు కాదని ఏ మెకానిక్కూ వాదించలేడు. శ్రద్ధగా బాగుచేయించినవాడికి ఒక నియమం సందేహం మిగిల్చితే, దానిని సరిదిద్దడానికి ఒక్క వాక్యం చాలు.

ఒక అపోహను కూడా ఇక్కడ తొలగించాలి. పదిహేనేళ్ళు దాటిన బండి దేశమంతటా నిషిద్ధమన్న భయం ఆ షెడ్డులోనూ కనిపించింది. 2014, 2015 సంవత్సరాల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌ ఇచ్చి, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు బలపరచిన ఆంక్షలు ఢిల్లీకి, దాని పరిసర ప్రాంతానికి సంబంధించినవి. డీజిలుకు పదేళ్ళు, పెట్రోలుకు పదిహేనేళ్ళు. 2025 ఆగస్టులో యజమానులపై బలవంతపు చర్యలు వద్దన్న సుప్రీంకోర్టు, డిసెంబరులో ఆ రక్షణను బి.ఎస్‌.-4, ఆపై ప్రమాణాల వాహనాలకే పరిమితం చేసింది. కడోదరాకు ఈ ఆంక్షలు వర్తించవు. 2021 ఆగస్టు 13న గాంధీనగర్‌ సదస్సును ఉద్దేశించి ప్రధాని ప్రారంభించిన స్క్రాపు విధానంలోనూ సొంత బండికి కీలకమైనది ఫిట్‌నెస్‌ పరీక్షే. పరీక్షలో నెగ్గిన సొంత బండికి ఐదేసి ఏళ్ళ చొప్పున రిజిస్ట్రేషను పొడిగిస్తారు. ఢిల్లీ గాలి పీల్చేవాడిగా నేను పాత వాహనాల పొగను సమర్థించలేను. 1968 నాటి కార్బురేటర్‌ ఇంజన్‌ ఎంత బాగుచేసినా నేటి ప్రమాణాలకు తూగదు. అయితే రింగులరిగి నూనె తాగే ఇంజన్‌కూ, స్లీవులు వేసిన ఇంజన్‌కూ ఉన్న భేదాన్ని పొగ పరీక్ష పట్టగలదు, పుట్టిన సంవత్సరం పట్టలేదు.

ఒక విడ్డూరం చెప్పక తప్పదు. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్‌ పాలు ఇరవై శాతానికి చేరింది. దానికి చెరకు ఒక ముఖ్య వనరు. ఆ రైతు పండించే పంటే పెట్రోలులో కలిసి తిరిగి వచ్చి అతని జీపులోని పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రంను ఉబ్బిస్తున్నది. వాటిని కూడా మార్చమని మేస్త్రీ చీటీ రాసిచ్చాడు.

రైతు చివరకు హరికేన్‌నే ఉంచాలని నిశ్చయించాడు, వింటేజ్‌ హోదా మాత్రం కోరలేదు. ఆ హోదా వస్తే జీపు పొలానికి పోరాదు. పొలానికి పోని జీపు తనకెందుకని అతని ప్రశ్న. మామూలు రిజిస్ట్రేషనునే మరో ఐదేళ్ళు పొడిగించుకుంటాడట. నేను బయలుదేరేనాటికి బ్లాకు సూరత్‌ లేత్‌ షాపుకు పోయింది, పిస్టన్లు పెట్టెలో ఉన్నాయి. చెరకు కోతలు దగ్గరపడుతున్నాయని రైతు తొందర. బిగించిన తరవాత మొదటి ఐదువందల మైళ్ళు బరువు వేయవద్దని, ఆ వెంటనే నూనె మార్చాలని మేస్త్రీ షరతు.