పెరటి సొరపాదు

పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదని తెలుగువారి సామెత. చేరువలోనున్న వస్తువు విలువ చేరువలోనున్నవారికే తెలియదని దాని భావము. ఈ సామెత మందుమొక్కలకు ఎంత వర్తించునో, గోడవార ప్రాకు సొరపాదునకు అంతకంటె ఎక్కువగా వర్తించును. సంతలో అది చౌకరకపు కాయ. మాటలలోనైనను దానికి మర్యాద లేదు. గొప్పలు చెప్పుకొనువానిని చూచి సొరకాయ కోతలు కోయుచున్నాడని నవ్వుదురు. కాని ఇంటివారి ఆకలి తీర్చి, పిల్లలకు ఈత నేర్పి, గాయకునకు శ్రుతినిచ్చి, మరుసటి యేటి విత్తనములకు తానే పాత్రయై నిలుచు తీగ మన పెరళ్లలో మరియొకటి కానరాదు.

కోస్తా జిల్లాలలో పెక్కుచోట్ల దీనిని ఆనపకాయ యందురు. తక్కిన తావులలో సొరకాయ యన్నమాటయే వాడుక. పేరు ఏదైనను పెంపకము ఒక్కటే. తొలకరి వానలు పడి నేల మెత్తబడగానే ఇంటి పెద్దావిడ ఉట్టిమీది బుర్రను దింపి విత్తనములు తీయును. రాత్రి నానవేసిన గింజలను మరునాడు పాదులో పెట్టుట మనుమరాలి పని. జానెడు లోతున గొయ్యి త్రవ్వి, మాగిన పెంటయు పొయ్యిలోని బూడిదయు కలిపిన మన్ను నింపి, నాలుగు గింజలు వేయుదురు. వారము తిరుగునప్పటికి మొలకలు తలలెత్తును. వానిలో బలమైన రెంటిని ఉంచి తక్కినవి తీసివేయవలెను. ఈ తీసివేయుట బాలికకు కష్టముగా తోచును. కాని అన్నిటిని ఉంచిన ఏదియు ఎదుగదను పాఠమును ఆమె మొదట నేర్చుకొనునది ఈ పాదుకడనే.

తీగ పందిరికెక్కిన పిమ్మట ఇంట అందరి చూపును దానిమీదనే. మొదట వచ్చు పూవులన్నియు పొడవైన కాడల చివర తెల్లగా విచ్చి రాలిపోవును. అవి మగపూవులు. ఆడపూవు అడుగున బొటనవ్రేలంత పిందె మొదటినుండియు కనిపించుచుండును. నడితీగమీద మగపూవులు మెండు. ప్రక్క కొమ్మలమీదనే ఆడపూవులు ఎక్కువ. అందుచేతనే అనుభవజ్ఞులు తీగ కొంత సాగిన తరువాత దాని చివుళ్లు త్రుంచివేయుదురు. ఆ చివుళ్లు పప్పులో కలిసిపోవును. తీగకు కొమ్మలు వచ్చును. ఇంటికి ఆ పూట కూర గడచును.

సొరపూవు సాయంకాలమున విచ్చి మరునాటి ఉదయమునకు వాడిపోవును. తేనెటీగలు గూడు చేరిన వేళ విచ్చు ఈ తెల్లని పూలకు రాత్రి తిరుగు చిమ్మటలే చుట్టములు. అవి రాకపోయినచో పిందె పసుపువన్నెకు తిరిగి, కుళ్లి, రాలిపోవును. దీనికి మన ఇండ్లలో వేరొక కారణము చెప్పుదురు. పిందెను వేలుపెట్టి చూపరాదనియు, చూపిన అది రాలిపోవుననియు పెద్దల మాట. చూపవలసివచ్చినపుడు పిల్లలు వ్రేలు మడిచి చూపుదురు. నిజమునకు రాలిన పిందెకు దృష్టి తగులలేదు, పుప్పొడి తగులలేదు. మగపూవును కోసి, రేకులు తీసి, సాయంకాలమున ఆడపూవు నడుమ మెల్లగా అద్దిన యెడల పిందె నిలుచును. అయినను ఆ పాత మాటను వట్టి మూఢనమ్మకమని త్రోసివేయ నక్కరలేదు. లేత పిందెలను పిల్లలు చేతులతో నలుపకుండ కాపాడిన కంచె అది. ఉపాధ్యాయుడు ఆ కంచెను పెరికివేయుటకు ముందు, దాని స్థానమున కారణమును నాటవలెను.

పూచిన రెండు వారములకు కాయ కూరకు వచ్చును. గోరు గ్రుచ్చిన సులువుగా దిగు కాయ లేతది. పాలు పోసి వండిన కూర, ముక్కల పులుసు, పొట్టుతో పచ్చడి, తురిమి పిండిలో కలిపి వేయు అప్పములు, ఇట్లు ఒక కాయ ఇంటిల్లిపాదికిని రెండుపూటల పని తీర్చును. కాని ఒక జాగ్రత్త మరువరాదు. అప్పుడప్పుడు ఒక కాయ మిక్కిలి చేదుగా నుండును. ఆ చేదు కుకుర్బిటాసిన్ అను పదార్థమువలన కలుగునది, అది విషతుల్యము. చేదు సొరకాయ రసము త్రాగి ప్రాణాపాయము తెచ్చుకొన్నవారున్నారు. భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు 2012వ సంవత్సరమున వెలువరించిన నివేదికలో, చిన్న ముక్కను రుచి చూచి, చేదుగా ఉన్న కాయను పారవేయవలెనని హెచ్చరించిరి. చేదు మందువలె మేలు చేయునను భ్రమ ఇచ్చట పనికిరాదు.

ఇక ఇంటిలో తగవు పుట్టు ఘట్టము వచ్చును. పందిరి నడుమ, దిట్టమైన కాడకు, అన్నిటికంటె నిండైన కాయ యొకటి వ్రేలాడుచుండును. కోడలి దృష్టి ఆనాటి వంటమీద. బంధువులు వచ్చియున్నారు, ఆ ఒక్క కాయ కోసిన పులుసునకు చాలును. అత్తగారి దృష్టి వచ్చు సంవత్సరము మీద. ఆమె ఆ కాయ తొడిమకు నూలుపోగు కట్టి, అది విత్తనపు కాయ యని తీర్పు చెప్పియున్నది. ముదిరి వంకరపోయిన కాయను విత్తనమునకు వదలి, మేలైనదానిని తినివేయుట సులభము. అట్లు పదేండ్లు చేసిన ఇంట మేలైన సొరజాతి మిగులదు. శ్రేష్ఠమైన దానిని నేడు తినక రేపటికి విడుచుట యను ఈ చిన్న నిగ్రహము మీదనే మన కూరగాయల రకములన్నియు ఇంతకాలము నిలిచియున్నవి. నూలుపోగు కట్టిన ఆ చేయి ఏ వ్యవసాయ శాస్త్రమును చదువలేదు. ఐనను ఆ శాస్త్రపు మొదటి సూత్రమును ఏటేట ఆచరించుచుండెను.

తీగ ఎండిపోవువరకు ఆ కాయ దానిమీదనే యుండును. పచ్చదనము పోయి గోధుమవన్నె వచ్చును, బరువు తగ్గును, చెవికడ ఊపిన లోపల గింజలు గలగలలాడును. అప్పుడు కోసి, పొయ్యికి ఎగువన దూలమునకు కట్టుదురు. పొగ తగిలిన కాయను పురుగు ముట్టదు. బాగుగ ఎండిన తరువాత మెడకడ రంపపు బ్లేడుతో గుండ్రముగా కోసి, గింజలు రాల్చుకొని, లోపల నీరు నింపి కొన్నాళ్లుంచవలెను. గుజ్జు కుళ్లి వదులగును. ఆ నీరు పారబోసి, గులకరాళ్లును ఇసుకయు వేసి గట్టిగా కుదిపిన లోపలి పీచంతయు ఊడివచ్చును. నాలుగైదుసార్లు కడిగి ఎండబెట్టినచో చేదు వాసన పోయి బుర్ర సిద్ధమగును. పైన కాల్చిన ఇనుప చువ్వతో చుక్కలు, తీగలు, చేపలు గీసి అలంకరింపవచ్చును. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతమున ఈ పని యొక చక్కని కళగా వర్ధిల్లినది. వేడి చేసిన కత్తితో బుర్రమీద చిత్రములు దిద్ది, దీపపు గూళ్లను చేయుదురు.

మన పల్లెలలో బుర్ర అలంకారమునకు కాదు, అవసరమునకు పుట్టినది. మన్నెపు గ్రామములలో నీరును అంబలియు పొలమునకు మోసికొనిపోవు పాత్ర అదియే. దానిని నిలువున చీల్చిన గరిటె యగును. రెండు బుర్రలను త్రాటితో నడుమునకు కట్టుకొని బావిలో ఈత నేర్చుకొన్న తరములు ఎన్నియో కలవు. ఈ తేలు గుణమే సొరకాయను ప్రపంచయాత్రికునిగా చేసినది. దాని పుట్టినిల్లు ఆఫ్రికా. సముద్రపు నీటిలో ఏడు నెలలకు పైగా తేలియాడిన కాయలలోని గింజలు సైతము మొలకెత్తగలవని 1954వ సంవత్సరమున ప్రకటితమైన ప్రయోగములు నిరూపించినవి. అమెరికా ఖండపు పురాతనమైన సొరకాయలు ఆఫ్రికానుండి సముద్ర ప్రవాహములలో కొట్టుకొనిపోయినవేయని 2014వ సంవత్సరపు జన్యు పరిశోధన చెప్పుచున్నది. నావికుడు పుట్టకముందే సముద్రము దాటిన కాయ మన గోడమీద నెమ్మదిగా ప్రాకుచున్నది!

బుర్రకు లోపల ఉన్నది శూన్యము. ఆ శూన్యమునే మన పెద్దలు నాదముగా మార్చిరి. ఏకతారకును, పాములవాని నాగస్వరమునకును, తంబురకును అదియే కడుపు. మహారాష్ట్రలోని మిరజ్ పట్టణము తంబురలకు, సితారులకు ప్రసిద్ధము. 2024వ సంవత్సరమున ఆ రెండు వాద్యములకును భౌగోళిక గుర్తింపు లభించినది. వానికి కావలసిన పెద్ద బుర్రలు పండరీపురపు చుట్టుపట్ల పొలములనుండి వచ్చును. తెలంగాణమున కిన్నెర యను వాద్యము కలదు. వెదురు దండెకు ఎండిన సొరబుర్రలను అమర్చి, తేనెమైనముతో మెట్లు నిలిపి, తంతులు బిగించి, వీరగాథలు పాడుదురు. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022వ సంవత్సరమున భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసగినది. సన్మానము కళాకారునకు జరిగినది. ఆ కిన్నెరకు బుర్రనిచ్చిన పాదు మాత్రము పెరళ్లనుండి తొలగిపోవుచున్నది.

ఏలయన, నేడు పొలములలో వేయునవి చాలవరకు సంకరజాతి విత్తనములు. అవి త్వరగా కాచును, అధికముగా కాచును. కాయ పొట్టిగా, ఒకే తీరుగా నుండి బండిలో ఇముడును. రైతునకు అది లాభమే. దానిని నిందించుట న్యాయము కాదు. కాని సంకరజాతి కాయలోని గింజను నాటిన తల్లి పోలిక నిలుకడగా రాదు. కనుక ప్రతి యేడును విత్తనము కొనవలసినదే. లేతగా కోసి అమ్ముటకు పెంచిన రకములలో బుర్రకు కావలసిన మందపు పెచ్చును, గుండ్రని కడుపును ఎవరును కోరరు. పెరడు సిమెంటు గచ్చుగా మారినది. మిగిలిన కుండీలోనికి అంగడినుండి తెచ్చిన పొట్లపు గింజ దిగినది. తొడిమకు నూలుపోగు కట్టవలసిన పని లేకపోయినది. పని లేనిచోట దాని జ్ఞానము ఒక తరములో మరుగుపడును. పుస్తకము కాలిపోయిన మరల అచ్చువేయవచ్చును. విత్తనపు వంశము తెగిన మరల అల్లుట కెవరికిని శక్యము కాదు.

ఇందుకు నిరాశ పడనక్కరలేదు. జహీరాబాదు ప్రాంతపు దక్కను అభివృద్ధి సంఘములోని గ్రామీణ స్త్రీలు పాత పంటల గింజలను బూడిదతో, వేపాకుతో కలిపి బుట్టలలో దాచి, ఒకరికొకరు బదులిచ్చుకొనుచు కాపాడుకొనిరి. 2001వ సంవత్సరపు వృక్షరకముల పరిరక్షణ శాసనమును రైతునకు తన విత్తనమును దాచుకొను, నాటుకొను, పంచుకొను హక్కును స్పష్టముగ నిచ్చినది. హక్కు కాగితముమీద ఉన్నది. దానిని వినియోగించు అలవాటు ఇంట ఉండవలెను.

ఇంట లేనిది బడిలో మొదలుకావచ్చును. 1937వ సంవత్సరమున వార్ధాలో గాంధీ మహాత్ముడు చేతిపని కేంద్రముగా చదువు సాగవలెనని ప్రతిపాదించెను. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము దానికి ప్రణాళిక వ్రాసెను. 2019వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము పాఠశాలలలో కూరతోటల పెంపకమునకు మార్గదర్శకములు వెలువరించినది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు పుస్తకముల సంచి లేని పది దినములను, స్థానిక చేతిపనివారికడ నేర్చుకొనుటకై సూచించినది. ఈ యాదేశములన్నిటికిని ఒక్క సొరపాదు చాలును. పూవులను పరిశీలించుట జీవశాస్త్రము. తీగ పెరుగుదలను దినదినము కొలిచి వ్రాయుట గణితము. బుర్ర తొలుచుట చేతిపని. దానికి తంతి బిగించుట సంగీతము. కాయ ప్రయాణమును పటముమీద గుర్తించుట భూగోళము. విత్తనము స్వచ్ఛముగ నుండవలెనన్నచో, విచ్చబోవు ఆడపూవును, మగపూవును ముందుగనే దారముతో కట్టి, సాయంకాలము చేతితో పుప్పొడి అద్ది, మరల కట్టివేయవలెను. పదేండ్ల పిల్లవాడు చేయగల పని యిది.

వేసవి నాటికి ఏ పెరటిలోనో, ఏ బడి ఆవరణలోనో ఒక బుర్ర సిద్ధమగును. ఆ కాయలోని గింజలనే చిటికెడు బూడిదతో కలిపి మరల ఆ కాయలోనే పోసి, మూతికి మొక్కజొన్న బెండు బిరడాగా బిగించి, ఉట్టిమీద పెట్టుదురు. తొలకరి వరకు దానికి మరియేమియు అక్కరలేదు. వాన పడిన నాడు దానిని దింపుటకు ఒక ముసలి చేయియు, గింజలు పట్టుటకు ఒక పసి దోసిలియు మాత్రము కావలెను.