ఒకే ఫ్లాటుకు నాలుగు ధరలు

హైదరాబాద్‌లో ఒక పాత ఫ్లాటు చేతులు మారే ప్రతిసారీ దానికి ఒకటి కాదు, నాలుగు ధరలుంటాయి: అమ్మేవారు నోటితో చెప్పేది, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం లెక్కల్లో ఉన్నది, అప్పిచ్చే బ్యాంకు తరఫున వచ్చిన వాల్యుయర్ కట్టేది, చివరికి దస్తావేజులో రాసుకునేది. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కలవవు. ఒక్కో ధరను ఒక్కో అవసరం పుట్టించింది కనుక కలవకపోవడంలో వింతేమీ లేదు. కొనేవారు ఎక్కువై, మంచి ఫ్లాటు ఎక్కువ రోజులు ఆగని మియాపూర్, కొండాపూర్, నల్లగండ్ల వంటి చోట్ల బేరమంటే చెప్పిన ధరను తగ్గించుకోవడమేనని కొత్తగా వచ్చినవారు అనుకుంటారు గానీ, అసలు బేరం ఈ ధరల మధ్య ఉన్న దూరాన్ని ఎవరు మోయాలన్న దాని మీదే జరుగుతుంది.

నోటి ధర ఎప్పుడూ చదరపు అడుగుకు ఇంత అన్న లెక్కలోనే పలుకుతుంది, అయితే ఆ చదరపు అడుగు గదిలో టేపు పెట్టి చూపించగలిగేది కాదు. మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్‌హౌస్ వంటి ఉమ్మడి స్థలాల్లో వాటాను కూడా కలిపి చెప్పే విస్తీర్ణాన్ని సూపర్ బిల్టప్ ఏరియా అని, ఇంటి లోపల వాడుకోగలిగే నేలను కార్పెట్ ఏరియా అని అంటారు. అందరూ రెరా అని పిలిచే 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కార్పెట్ ఏరియాను నిర్వచించి, లోపలి అడ్డుగోడలను అందులో కలిపి, బయటి గోడలనూ బాల్కనీనీ మినహాయించింది. అయినా పాత ఫ్లాట్ల బేరాల్లో 1,500 ఎస్‌ఎఫ్‌టీ అన్నారంటే అది ఇప్పటికీ పాత లెక్కే. లోపల కొలిస్తే 1,050, 1,100 వచ్చినా ఫరవాలేదనుకోవలసిందే.

రెండో కొలత గజాల్లో ఉంటుంది, చూడబోయేవారు తరచు అడగడం మరిచిపోయేదీ అదే. అపార్ట్‌మెంటు నిలబడిన భూమిలో ఒక్కో ఫ్లాటుకు దఖలుపడే, విడదీయని వాటాను యూడీఎస్ అంటారు. భవనం ఏటేటా పాతబడుతుంది, భూమి పాతబడదు, కనుక ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఫ్లాటుకు మిగిలే విలువలో పెద్ద భాగం ఈ గజాలదే. ముంబై, చెన్నై, బెంగళూరులలో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టరాదన్న ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ అనే హద్దు ఉంది. హైదరాబాద్‌లో 2006 నుంచి అలాంటి గరిష్ఠ పరిమితి లేదు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ, అగ్నిమాపక, విమానాశ్రయ అనుమతులు సరిపోతే అంతస్తులు పెంచుకుంటూ పోవచ్చు. దీని ఫలితం గజాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఎకరం అంటే 4,840 గజాలు. ఆ ఎకరంలో 80 ఫ్లాట్లు కడితే ఒక్కోదానికి 60 గజాల పైచిలుకు వస్తుంది, 200 ఫ్లాట్లు కడితే 24 గజాలే వస్తుంది. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటులోని మామూలు ఫ్లాటు, నలభై అంతస్తుల టవరులోని మెరిసే ఫ్లాటు ఒకే ధర పలికినప్పుడు వాటితోపాటు చేతికొచ్చే భూమి ఒకటి కాదన్న సంగతి ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు.

భూమి వేలాలు నోటి ధరలకు రెక్కలిస్తాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో హెచ్‌ఎండీఏ నిర్వహించిన వేలంలో ఒక ప్లాటు ఎకరానికి 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది, అంటే గజం రెండు లక్షలు దాటింది. ఇలాంటి వార్త వచ్చాక చుట్టుపక్కల పాత ఫ్లాట్ల యజమానులు తమ ధరను సవరించుకోవడం మనిషి స్వభావమే గానీ, ఆ పోలికలో ఒక లోపముంది. వేలంలో పలికినది ఎన్ని అంతస్తులైనా లేపగల ఖాళీ భూమి ధర. ఇప్పటికే ఐదంతస్తులు లేచి, అరవై మంది యజమానుల సంతకాలు లేనిదే కదపలేని భూమికి అదే ధర కట్టడం కుదరదు. బేరానికి కూర్చున్నప్పుడు ఈ మాట అనగలిగిన కొనుగోలుదారు అరుదు, విని ఒప్పుకునే యజమాని మరీ అరుదు.

సబ్ రిజిస్ట్రార్ దగ్గరుండే ధరకు ప్రభుత్వం పెట్టిన పేరు మార్కెట్ విలువ, మార్కెట్టుతో దానికున్న చుట్టరికం మాత్రం దూరపుది. రిజిస్ట్రేషన్ సుంకాలు ఏ మొత్తానికి తగ్గకుండా కట్టాలో చెప్పే కనీస విలువ ఇది. తెలంగాణలో దీన్ని 2021 జులైలో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరొకసారి పెంచినా చాలాచోట్ల నోటి ధరకు అది కిందనే ఉండిపోయింది. 2021 జులైలోనే సుంకాల మొత్తం 6 శాతం నుంచి 7.5 శాతానికి పెరిగింది: స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. ఆంధ్రప్రదేశ్‌లో పాళ్లు వేరైనా మొత్తం అదే 7.5. దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద సుంకం కట్టాలి. ప్రభుత్వ విలువకూ నోటి ధరకూ మధ్య ఉన్న ఈ ఖాళీలోనే బ్లాకు, వైటు అన్న మాటలు పుట్టాయి.

ఆ ఖాళీ ఎవరికి లాభమో తేలాలంటే అంకెలు వేసి చూడాలి. కోటి రూపాయలకు కుదిరిన ఒక ఫ్లాటుకు ప్రభుత్వ విలువ 60 లక్షలు, బ్యాంకు వాల్యుయర్ కట్టిన విలువ 90 లక్షలు అనుకుంటే, 70 లక్షలు చెక్కుగా, 30 లక్షలు నగదుగా ఇమ్మని యజమాని అడగడం ఈ నగరంలో కొత్త విషయమేమీ కాదు. మీడియేటరు దీన్ని కొనేవారికి మేలన్నట్టే చెబుతాడు, ఎందుకంటే కోటి మీద ఏడున్నర లక్షలు కట్టవలసిన సుంకం 70 లక్షల మీద అయిదుంబావు లక్షలకు దిగుతుంది, రెండుంబావు లక్షలు మిగులుతాయి. బ్యాంకు మాత్రం తన వాల్యుయర్ లెక్క, అగ్రిమెంటులోని ధర, రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే పట్టుకుంటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణం ఆస్తి విలువలో 80 శాతానికి మించకూడదు గనుక, 70 లక్షల దస్తావేజు మీద వచ్చే అప్పు 56 లక్షలే. మొత్తం వైటులోనే జరిగి ఉంటే 90 లక్షల మీద 72 లక్షలు వచ్చేది. అప్పు పోగా మిగిలిన ధర, సుంకం కలిపితే మొదటి పద్ధతిలో సొంతంగా సర్దుకోవలసింది 49 లక్షల పాతిక వేలు, రెండో పద్ధతిలో 35 లక్షల 50 వేలు. రెండుంబావు లక్షలు మిగిలాయన్న సంబరం పద్నాలుగు లక్షల దాకా చేబదుళ్ల కోసం తిరగడంలో ముగుస్తుంది.

కథ అక్కడితో ఆగదు. కొన్న ధర కాగితం మీద 70 లక్షలే కనుక, ఆ కొనుగోలుదారు రేపు అమ్ముకునేటప్పుడు, ధర మొత్తం వైటులో ఇచ్చేవారు ఎదురైతే, తాను నగదుగా ఇచ్చిన 30 లక్షలు కూడా తన లాభంగానే లెక్కకొస్తాయి. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇంటి మీద దీర్ఘకాలిక మూలధన లాభపు పన్ను 2024 జులై నుంచి 12.5 శాతం కాబట్టి, ఆ ఖాతాలో మూడు లక్షల 75 వేలు అదనంగా పోతుంది. పోకుండా ఉండాలంటే అతడూ బ్లాకే అడగాలి. ఒకసారి నల్లబడిన ధర యజమాని తర్వాత యజమానిని అలాగే పట్టుకుని వస్తుంది. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, తీసుకున్నవారికి ఆ మొత్తానికి సమానమైన జరిమానా పడవచ్చు. ఈ జరిమానా మాట బేరాల దగ్గర ఎవరూ ఎత్తరు, ఎత్తినవాడికి వేరే పార్టీ రెడీగా ఉందన్న జవాబు వస్తుంది.

పోటీ ఎక్కువైన బజారులో ఆ జవాబుకున్న బలం మరే మాటకూ లేదు. అందుకే ధర కుదిరిన రోజునే బయానా ఇచ్చేయమంటారు, ఆంధ్ర ప్రాంతంలో బజానా అనేదీ ఇదే. ఆ తర్వాత రాసుకునే అగ్రిమెంటులో ధర కన్నా గడువు మీద వాదన ఎక్కువ జరుగుతుంది: ధరలు పెరుగుతున్నప్పుడు యజమాని ముప్పై, నలభై అయిదు రోజులకు మించి ఇవ్వనంటాడు, బజారు చల్లబడినప్పుడు కొనేవాడు మూడు నెలలు పట్టుబడతాడు. గడువు దాటితే బయానా పోతుందని, అమ్మేవారే వెనక్కి తగ్గితే రెట్టింపు ఇవ్వాలని రాసుకోవడం వాడుక. అయితే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం అమ్మకపు ఒప్పందం దానంతటది ఆస్తి మీద ఏ హక్కునూ కల్పించదు. దాన్ని అమలు చేయించుకోవాలంటే కోర్టుకెక్కవలసిందే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని ఇల్లు తమదైందనుకోవడం కూడా చెల్లదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అగ్రిమెంటులో ‘కొనుగోలుదారు పేరున గానీ, వారు సూచించిన వారి పేరున గానీ’ అన్న మాటలు కనిపిస్తే ఒకసారి ఆగి చదవడం మంచిది. అన్నదమ్ముల పేరున రాయించుకోవడానికి పనికొచ్చే ఆ మాటలే, గడువులోగా మరొకరికి ఎక్కువకు అంటగట్టి మధ్యలో తప్పుకునేవారికీ పనికొస్తాయి.

పంచాంగం కూడా ఈ బజారులో ఒక పక్షమే. ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో గృహప్రవేశాలుండవు, రిజిస్ట్రేషన్లకూ చాలామంది వెనకాడతారు; పట్టింపు లేని కొనుగోలుదారుకు పోటీ తగ్గేది, యజమాని మెత్తబడేది ఆ రోజుల్లోనే. వాస్తు సంగతీ అంతే. దక్షిణ ద్వారమున్న ఫ్లాటు తూర్పు ద్వారమున్న పక్క ఫ్లాటు కన్నా తక్కువకు దొరుకుతుంది, నమ్మకం లేనివారికి అది లాభంలా కనిపిస్తుంది. తిరిగి అమ్మే రోజున వచ్చేవారికి నమ్మకం ఉంటుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తొందర పెట్టే బజారులో బలయ్యేది కాగితాల పరిశీలన. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నిటినీ చూపే ఈసీ తెలంగాణలో 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, యజమాని బ్యాంకులో దస్తావేజులు తాకట్టు పెట్టి ఆ పత్రాన్ని రిజిస్టరు చేయించి ఉంటే అదీ అందులో కనిపిస్తుంది. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు మాత్రం ఈసీకి ఎక్కవు, వారసుల మధ్య నడిచే వ్యాజ్యాలకూ అది నమ్మకమైన అద్దం కాదు. చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దయిన ఎఫ్‌టీఎల్, దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ కూడా ఈసీలో ఉండవు. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక గానీ ఈ రెండు పేర్లు మామూలు కొనుగోలుదారుల నోట నానలేదు. మరొకటి నివాసయోగ్య పత్రం, వాడుకలో ఓసీ. నిర్మాణం అనుమతించిన ప్లాను ప్రకారమే సాగేందుకు పూచీగా బిల్డరు కట్టడంలో పది శాతం భాగాన్ని అనుమతినిచ్చిన సంస్థకు తాకట్టు పెట్టాలి, ఆ భాగం ఓసీ వచ్చాకే విడుదలవుతుంది. పై అంతస్తు అదనంగా వేసి ఓసీ తెచ్చుకోలేకపోయిన బిల్డరు వల్ల ఏళ్ల తరబడి చిక్కుల్లో ఉండేవి ముఖ్యంగా ఈ తాకట్టు ఫ్లాట్లే.

యజమాని డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే పని ఇంకొంచెం పెరుగుతుంది, ఐటీ కారిడార్ చుట్టూ ఇలాంటి ఫ్లాట్లకు కొదవ లేదు. అక్కడి నుంచి వచ్చిన పవర్ ఆఫ్ అటార్నీకి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఇక్కడ నివసించే యజమాని దగ్గర 50 లక్షలు, అంతకు మించిన ధరకు కొంటే కొనేవారు ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. ప్రవాసుల విషయంలో 12.5 శాతం, దానిపై సర్‌చార్జి, సెస్సు చేరతాయి. అది లాభం మీద పన్నే అయినా, తక్కువ మినహాయింపు ధ్రువపత్రం ముందుగా తెచ్చుకోకపోతే మొత్తం ధర మీదే కోత పడుతుంది. ఆ సంగతి తెలియక ఒక శాతమే కోసిన కొనుగోలుదారుకు, మిగతాది నువ్వే కట్టాలంటూ నోటీసు వచ్చేనాటికి యజమాని విమానం ఎక్కి చాలా కాలమై ఉంటుంది.

ఇవన్నీ దాటి రిజిస్ట్రేషన్ రోజున సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం వరండాలో రెండు కుటుంబాలు, ఇద్దరు సాక్షులు, బ్యాంకు మనిషి, మీడియేటరు చేరతారు. రాహుకాలం దాటేలా స్లాటు బుక్ చేసుకుని ఉంటారు. డిమాండ్ డ్రాఫ్టు చేతికి రానిదే వేలిముద్ర వేయనని యజమాని, వేలిముద్ర పడనిదే డ్రాఫ్టు ఇవ్వనని బ్యాంకు మనిషి. డ్రాఫ్టు జిరాక్సు యజమానికి ఇచ్చి, అసలుది అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టడంతో ఆ పీటముడి వీడుతుంది. ఫొటోలు, వేలిముద్రలు, సంతకాలు పూర్తయి డ్రాఫ్టు చేతులు మారేసరికి, ఫ్లాటు తాళాలు మీడియేటరు జేబులోంచి బయటికి వస్తాయి. వాటిని ఇచ్చే ముందు అతడు రెండు వైపుల నుంచీ తన కమిషను అడుగుతాడు, అదీ దస్తావేజులో రాసిన 70 లక్షల మీద కాదు, నోటితో కుదిరిన కోటి మీద.